సోర్స్ కోడ్ ఎవరి అధీనంలో ఉండాలి? ఓపెన్ సోర్స్ వివాదంపై ఒక సమీక్ష

కంప్యూటర్ ప్రోగ్రామును దాని రచయిత ఏ రూపంలో రాస్తాడో, మరొక ప్రోగ్రామర్ చదివి అర్థం చేసుకోగల ఆ పాఠాన్ని సోర్స్ కోడ్ అంటారు. యంత్రం నేరుగా నడపగలిగేలా దానిని మార్చగా వచ్చే ఫైలు కొనుక్కున్నవారికి పనిచేసి పెడుతుంది గాని, లోపల ఏం జరుగుతున్నదో చెప్పదు, మార్చుకోనివ్వదు. వాడుకరి చేతికి ఈ రెండింటిలో ఏది అందాలి, అందినదానిని అతడు సవరించుకోవచ్చునా, సవరించినదానిని ఇతరులకు పంచిపెట్టవచ్చునా అన్న ప్రశ్నల చుట్టూ దాదాపు యాభై ఏళ్లుగా నడుస్తున్న వివాదానికి ‘ఓపెన్ సోర్స్, వాణిజ్య సాఫ్ట్‌వేర్‌ల పోరు’ అన్న పేరు స్థిరపడిపోయింది. ఈ పేరు చాలామందిని తప్పుదారి పట్టించింది. 2019లో ఐబీఎం సంస్థ 3,400 కోట్ల డాలర్లు చెల్లించి కొన్న రెడ్ హ్యాట్ కంపెనీ ప్రధాన వ్యాపారం ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లినక్స్‌ను పరీక్షించి, ఏళ్ల తరబడి సవరణలు అందిస్తూ, అందుకు చందా వసూలు చేయడమే. కనుక ఓపెన్ సోర్స్‌కు ఎదురుగా నిలిచేది వ్యాపారం కాదు. సోర్స్ కోడ్‌ను గుప్పిట్లో పెట్టుకొని, వాడుకొనే అనుమతిని మాత్రమే అమ్మే యాజమాన్య పద్ధతి. ఈ తేడాను పట్టుకోకపోతే ఉభయపక్షాల వాదాలూ ఉచితమా ఖరీదా అన్న బేరంగా కుదించుకుపోతాయి. అసలు తగవు రెండు విషయాల మీద: పాడైనప్పుడు బాగుచేసుకొనే అధికారం ఎవరిది, ఆ బాగుచేతకయ్యే ఖర్చు ఎవరు భరించాలి. మొదటిదానికి, కోడ్ అందరికీ తెరిచి ఉండాలనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పక్షం గట్టి సమాధానమే చెప్పింది. రెండవదానికి తృప్తికరమైన సమాధానం నేటికీ ఏ పక్షం దగ్గరా లేదు.

వివాదం మొదలయ్యేదాకా సాఫ్ట్‌వేర్ విడిగా అమ్ముడయ్యే సరుకుగా లేదనే చెప్పాలి. 1950, 60 దశకాల్లో గదులు నిండే యంత్రాలను అమ్మిన, అద్దెకిచ్చిన కంపెనీలు వాటితోపాటే ప్రోగ్రాములనూ ఇచ్చేవి. ఐబీఎం యంత్రాలు వాడే సంస్థలు 1955లో ‘షేర్’ అన్న సంఘంగా ఏర్పడి, తాము రాసుకున్న ప్రోగ్రాములను ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకొనేవి. గుత్తాధిపత్య నిరోధక చట్టం కింద అమెరికా ప్రభుత్వం కేసు పెట్టిన నేపథ్యంలో, 1969 జూన్‌లో, ఐబీఎం తన సాఫ్ట్‌వేర్‌లో కొంత భాగానికి విడిగా ధర కట్టబోతున్నట్లు ప్రకటించింది. సాఫ్ట్‌వేర్ పరిశ్రమ అనేదానికి బీజం అక్కడ పడింది. 1980లో అమెరికా కాపీరైటు చట్టాన్ని సవరించి ప్రోగ్రాములను అందులో చేర్చారు. 1983లో ఆపిల్, ఫ్రాంక్లిన్ కంపెనీల మధ్య వచ్చిన తీర్పు యంత్రరూపంలో ఉన్న ప్రోగ్రాముకు సైతం కాపీరైటు వర్తిస్తుందని తేల్చింది. సోర్స్ కోడ్‌ను చూపకుండానే దానిపై హక్కును నిలబెట్టుకొనే వీలు అమ్మకందారుకు ఈ విధంగా చట్టం ద్వారా సమకూరింది.

యాజమాన్య పక్షపు వాదాన్ని తొలిసారి బాహాటంగా వినిపించినవాడు బిల్ గేట్స్. ఆల్టెయిర్ అనే చిన్న కంప్యూటరు కోసం ఆయన బృందం తయారుచేసిన బేసిక్ ప్రోగ్రాము కాగితపు టేపుల మీద అభిరుచిగల వారి సంఘాలలో చేతులు మారుతుండగా, 1976 ఫిబ్రవరిలో, ఇరవై ఏళ్ల వయసులో, ఆయన ఆ అభిరుచిపరులను ఉద్దేశించి ఒక బహిరంగ లేఖ రాశాడు. ఆల్టెయిర్ యజమానుల్లో పదిశాతం కంటే తక్కువమందే బేసిక్‌ను కొన్నారనీ, వచ్చిన రాబడిని పెట్టిన కాలంతో భాగిస్తే గంటకు రెండు డాలర్లు కూడా గిట్టలేదనీ లెక్క చూపి, జీతం లేకుండా లోపాలు వెతికి, వివరణలు రాసి, నిపుణుల స్థాయి పని ఎవరు చేసిపెడతారని ఆయన నిలదీశాడు. ఆ లేఖ స్వరం కటువుగా ఉన్నందువల్ల దానిని దురాశకు నిదర్శనంగా చూపే అలవాటు స్వేచ్ఛావాదుల్లో ఉంది. అది న్యాయం కాదు. ప్రోగ్రాము రాయడం సరదాగా సాగవచ్చు గాని, రాసినదానిని ఏళ్ల తరబడి కాపాడుకురావడం సరదా కాదన్న సత్యం ఆ లేఖలో ఉంది, దానికి జవాబు చెప్పవలసిన బాధ్యత ఎదుటి పక్షానిదే.

ఎదుటి పక్షానికి తాత్త్విక పునాది వేసిన రిచర్డ్ స్టాల్‌మన్ మాత్రం ఖర్చు గురించి కాక హక్కు గురించి ఆలోచించాడు. ఆయన పనిచేసిన ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో ప్రింటరు వేరే అంతస్తులో ఉండేది. కాగితం ఇరుక్కున్నప్పుడు ముద్రణ కోసం ఎదురుచూస్తున్న అందరి తెరల మీదా ఆ కబురు కనిపించేలా ఆయన పాత ప్రింటరు ప్రోగ్రామును సవరించి పెట్టాడు. తరువాత జిరాక్స్ కంపెనీ ఇచ్చిన కొత్త లేజర్ ప్రింటరుకు సోర్స్ కోడ్ రాలేదు, కనుక ఆ చిన్న సదుపాయాన్ని తిరిగి చేర్చుకొనే దారి లేకపోయింది. కోడ్ ఉన్న మరొక విశ్వవిద్యాలయపు పరిశోధకుడు, ఎవరికీ ఇవ్వనని కంపెనీకి ఒప్పందం రాసిచ్చానంటూ దానిని పంచుకోవడానికి నిరాకరించాడు. స్టాల్‌మన్ దీనిని సాటి మనిషికి సాయపడరాదని సంతకం చేయించుకొనే వ్యవస్థగా చూశాడు. 1983 సెప్టెంబరు 27న, అందరూ స్వేచ్ఛగా వాడుకోగల సంపూర్ణ ఆపరేటింగ్ సిస్టమ్‌ను ‘గ్నూ’ పేరుతో నిర్మిస్తానని ప్రకటించి, 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌ను స్థాపించాడు. ఏ పనికైనా నడుపుకోవడం, చదివి మార్చుకోవడం, నకళ్లు పంచడం, మార్చినదానిని పంచడం అన్న నాలుగు స్వేచ్ఛలు ఉన్నదే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అని ఆ సంస్థ నిర్వచనం.

ఈ నిర్వచనానికి చట్టపరమైన ఆయుధంగా 1989లో వచ్చిన జీపీఎల్ అనే లైసెన్సు, వివాదం మొత్తంలో అత్యంత తెలివైన కల్పన అని చెప్పడం అతిశయోక్తి కాదు. కాపీరైటును రద్దుచేయమని అడగకుండా, ఆ కాపీరైటు ఇచ్చిన అధికారంతోనే అది ఒక షరతు పెడుతుంది: ఈ ప్రోగ్రామును మార్చి ఇతరులకు అందించేవారు తమ మార్పుల సోర్స్ కోడ్‌ను కూడా ఇవే హక్కులతో అందించి తీరాలి. కాపీలెఫ్ట్ అని పిలిచే ఈ పద్ధతికి భిన్నంగా, బర్క్‌లీ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన బీఎస్‌డీ లైసెన్సు, ఎంఐటీ లైసెన్సు వంటివి రచయిత పేరును నిలిపి ఉంచితే చాలు, తీసుకున్నదానిని యాజమాన్య సాఫ్ట్‌వేర్‌లో కలుపుకోవచ్చునంటాయి. ఈ రెండు తరగతుల లైసెన్సుల మధ్య జరిగిన వాదన బయటివారితో జరిగినదానికంటే తక్కువ తీవ్రమైనదేమీ కాదు. ప్రోగ్రామర్ స్వేచ్ఛ ముఖ్యమా, ఆ ప్రోగ్రామును చివరగా వాడే మనిషి స్వేచ్ఛ ముఖ్యమా అన్నదే ఆ వాదన సారం.

గ్నూ ప్రాజెక్టుకు కంపైలర్, ఎడిటర్ వంటి పనిముట్లు సిద్ధమైనా, యంత్ర భాగాలను నడిపించే కెర్నల్ అనే కీలకమైన అంతర్భాగం కొరతగానే ఉండిపోయింది. 1991లో హెల్సింకి విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ రాసిన లినక్స్ ఆ కొరతను తీర్చింది. మరుసటి ఏడాది ఆయన దానిని జీపీఎల్ కిందకు తెచ్చాడు. ఎక్కడెక్కడో ఉన్న ప్రోగ్రామర్లు పంపే మార్పులతో అది ఎదిగిన తీరును పరిశీలించి ఎరిక్ రేమండ్ 1997లో ‘ద కెథెడ్రల్ అండ్ ద బజార్’ అనే వ్యాసాన్ని వెలువరించాడు. కొద్దిమంది మూసిన తలుపుల వెనుక పనిచేయడం కంటే, తొందరగా విడుదల చేసి ఎక్కువమంది కళ్లకు చూపడం వల్లనే లోపాలు త్వరగా బయటపడతాయని ఆయన వాదించాడు. ఇందులో నైతిక ప్రసంగం లేదు. ఇది ఉత్పత్తి పద్ధతి గురించిన వాదం. కంపెనీలకు అదే నచ్చింది. నెట్‌స్కేప్ సంస్థ 1998 జనవరిలో తన బ్రౌజరు కోడ్‌ను బహిరంగపరుస్తామని ప్రకటించిన కొద్ది రోజులకే, స్వేచ్ఛ అన్న మాటకు వ్యాపారులు బెదురుతున్నారన్న ఆలోచనతో క్రిస్టీన్ పీటర్సన్ ‘ఓపెన్ సోర్స్’ అన్న పేరును సూచించగా, రేమండ్, బ్రూస్ పెరెన్స్‌లు ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్‌ను స్థాపించారు. పేరు మారడంతో ఉద్యమం రెండుగా చీలింది. పద్ధతిని మెచ్చుకొని హక్కును మరచిపోయారని స్టాల్‌మన్ నేటికీ ఆక్షేపిస్తూనే ఉన్నాడు. తరువాతి పాతికేళ్ల చరిత్ర ఆ ఆక్షేపణకే ఎక్కువ బలం చేకూర్చింది. మెరుగైన పద్ధతి అన్న కారణంగా వచ్చిన కంపెనీలు, లాభసాటిగా లేదనిపించగానే వెనుదిరిగిన ఉదాహరణలు ముందుకు వెళ్లేకొద్దీ కనిపిస్తాయి.

యాజమాన్య కంపెనీల ఎదురుదాడి 1998 చివర నుంచి 2000 దశకం మధ్య వరకు సాగింది. మైక్రోసాఫ్ట్ అంతర్గత పత్రాలు ‘హాలోవీన్ పత్రాలు’ అన్న పేరుతో 1998లో బయటపడి, బయటకు తేలికగా మాట్లాడుతున్న కంపెనీ లోపల లినక్స్‌ను నిజమైన పోటీగానే లెక్కిస్తున్నదని వెల్లడించాయి. 2001లో ఆ సంస్థ అధిపతి స్టీవ్ బామర్ లినక్స్‌ను, తాకిన మేధాసంపత్తినల్లా పట్టుకొనే క్యాన్సర్‌తో పోల్చాడు. ఈ ఆరోపణలో ఉద్దేశపూర్వకమైన గందరగోళం ఉంది. జీపీఎల్ ప్రోగ్రామును వాడినంత మాత్రాన వాడినవారి సొంత రచన మీద ఏ షరతూ పడదు. దాని కోడ్‌ను తమ కోడ్‌తో కలిపి, ఆ కలిసినదానిని బయటివారికి అందించినప్పుడే షరతు వర్తిస్తుంది. ఇక లినక్స్‌కు నమూనా అయిన యూనిక్స్ హక్కులు తమవేనంటూ ఎస్‌సీఓ కంపెనీ 2003లో ఐబీఎం మీద వేసిన దావా ఏళ్ల తరబడి లినక్స్ కొనుగోలుదారులను భయపెట్టింది. ఆ కాపీరైట్లు నోవెల్ కంపెనీవేనని 2010లో జ్యూరీ తేల్చడంతో దాని బలం పోయింది.

లైసెన్సు షరతులకు కోర్టులో విలువ ఉంటుందా అన్న సందేహం కూడా ఇదే దశకంలో తీరింది. బొమ్మ రైళ్ల ప్రోగ్రాముకు సంబంధించిన జేకబ్సన్, కాట్జర్ వ్యాజ్యంలో 2008లో అమెరికా ఫెడరల్ అప్పీలు కోర్టు, డబ్బు తీసుకోకుండా ఇచ్చిన అనుమతికి పెట్టిన షరతులు సైతం కాపీరైటు ద్వారా అమలుచేయదగినవేనని చెప్పింది. ఆచరణలో ఫలితం చూపిన ఉదాహరణ మరింత ఆసక్తికరమైనది. లింక్‌సిస్ కంపెనీ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే ఇంటి వైఫై పరికరంలో లినక్స్ ఉన్నదని వాడుకరులు కనిపెట్టి అడగగా, 2003లో దాని సోర్స్ కోడ్ విడుదల చేయక తప్పలేదు. ఆ కోడ్ ఆధారంగానే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ప్రాజెక్టు పుట్టి, తయారీదారులు వదిలేసిన ఎన్నో నమూనాల పరికరాలకు ఇప్పటికీ భద్రతా సవరణలు అందిస్తున్నది. ప్రింటరు విషయంలో స్టాల్‌మన్‌కు దక్కనిది ఈ పరికరం కొన్నవారికి దక్కింది.

భద్రత విషయంలో రెండు పక్షాలూ చెప్పిన మాటలు సగం సగమే నిలిచాయి. బహిరంగంగా ఉన్న కోడ్‌ను దొంగలు కూడా చదువుతారన్న యాజమాన్య వాదం, మూసి ఉన్న కోడ్‌లోనూ దాడులు ఆగకపోవడంతో పలచబడింది. ఎక్కువ కళ్లు చూస్తే లోపాలు దాగవన్న రేమండ్ వాదానికి 2014 ఏప్రిల్‌లో పెద్ద దెబ్బ తగిలింది. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో పెద్ద భాగానికి రహస్య సంభాషణ రక్షణ ఇచ్చే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్రోగ్రాములో, సర్వర్ జ్ఞాపకంలోని సంకేత కీలను సైతం బయటికి లాగనిచ్చే హార్ట్‌బ్లీడ్ లోపం రెండేళ్లకు పైగా ఎవరి కంటా పడకుండా ఉన్నదని తేలింది. చూడడానికి అందరికీ హక్కు ఉంది గాని, చూసే పనికి పెట్టుకున్న మనుషులు లేరు. అంతటి ప్రోగ్రామును నిర్వహించే సంస్థకు అప్పటిదాకా ఏటా అందిన విరాళాలు సుమారు రెండు వేల డాలర్లు. 2021 డిసెంబరులో ఎన్నో సర్వర్లలో వాడే లాగ్4జే ప్రోగ్రాములోని లోపం ఇదే పాఠాన్ని మళ్లీ చెప్పింది.

రేమండ్ వాదనను అన్నిటికంటే లోతుగా పరీక్షకు పెట్టినది 2024 నాటి ఎక్స్‌జెడ్ ఉదంతం. ఫైళ్లను కుదించే ఈ చిన్న ప్రోగ్రామును ఎన్నో ఏళ్లుగా ఒక్క వ్యక్తే తన తీరిక సమయంలో చూసుకొనేవాడు. అతడు అలసిపోయాడని గ్రహించిన ఒక మారుపేరు వ్యక్తి, రెండేళ్లకు పైగా ఓపికగా మంచి మార్పులు పంపుతూ నమ్మకం సంపాదించి, సహ నిర్వాహకుడై, చివరకు 5.6.0, 5.6.1 విడుదలల్లో దొంగదారి పెట్టాడు. దాని భాగాలను పరీక్షల కోసం ఉంచిన ఫైళ్లలో దాచి, వాటిని మేల్కొలిపే మీటను బహిరంగ కోడ్ నిల్వలో పెట్టకుండా, విడుదల చేసిన కట్టలో మాత్రమే చేర్చాడు. అందువల్ల కోడ్ నిల్వను మాత్రమే చదివినవారికి కుట్ర మొత్తం కనబడే అవకాశం లేదు. మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వేగాన్ని కొలుస్తూ, సర్వర్‌లోకి లాగిన్ కావడానికి మామూలుకంటే అర సెకను ఎక్కువ పడుతున్నదని గమనించి, కారణం వెతుకుతూ లోతుకు దిగి, మార్చి 29న దీనిని బయటపెట్టాడు. కోడ్ తెరిచి ఉండడం వల్లనే ఒక్క మనిషి కొద్ది రోజుల్లో మూలం దాకా వెళ్లగలిగాడన్నది నిజం. ఆ ఒక్క మనిషి గమనించకపోయి ఉంటే ఆ విడుదలలు లక్షల సర్వర్లలోకి చేరి ఉండేవన్నదీ అంతే నిజం. అదే ఏడాది జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఒక తప్పు అప్‌డేట్ 85 లక్షల విండోస్ యంత్రాలను ఆపివేసి విమానాశ్రయాలనూ ఆసుపత్రులనూ స్తంభింపజేసినప్పుడు, యాజమాన్య సాఫ్ట్‌వేర్‌కు బాధ్యత వహించే కంపెనీ ఉంటుందన్న ధీమా ఎంత పరిమితమైనదో కూడా లోకానికి తెలిసింది. భద్రత లైసెన్సు నుంచి రాదు, నిర్వహణ నుంచి వస్తుంది.

ప్రభుత్వాల విషయానికి వస్తే వాదానికి వేరే బరువు వస్తుంది, ఎందుకంటే పౌరుడు తనకు నచ్చిన దుకాణానికి పోయినట్టుగా మరొక ప్రభుత్వ కార్యాలయానికి పోలేడు. దీనిని అందరికంటే స్పష్టంగా చెప్పినవాడు పెరూ పార్లమెంటు సభ్యుడు ఎడ్గర్ విలనువేవా. తమ దేశపు ప్రభుత్వ కార్యాలయాల్లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌నే వాడాలన్న బిల్లును తప్పుబట్టిన మైక్రోసాఫ్ట్ స్థానిక అధికారికి 2002లో రాసిన జవాబులో ఆయన ధర ప్రస్తావనను రెండో స్థానానికి నెట్టి, ప్రజా సమాచారం పౌరులకు అందుబాటులో ఉండడం, ప్రభుత్వ దస్త్రాలు ఏ ఒక్క అమ్మకందారు దయ మీదా ఆధారపడకుండా శాశ్వతంగా నిలవడం, రాజ్య భద్రత అన్న మూడింటిని ఆధారంగా చూపాడు. మన దేశంలో రాష్ట్రపతి ఏపీజే అబ్దుల్ కలాం 2003 మేలో పుణేలో చేసిన ప్రసంగంలో, భద్రత విషయంలో బిల్ గేట్స్‌తో తన అభిప్రాయం కలవలేదని చెప్పి, భారత్ వంటి దేశం ఓపెన్ సోర్స్‌ను నిర్మించుకోవాలని కోరాడు. కేంద్ర ప్రభుత్వం 2015లో ప్రకటించిన విధానం ప్రభుత్వ టెండర్లలో ఓపెన్ సోర్స్‌ను తప్పక పరిశీలించాలనీ, దానిని కాదన్న సరఫరాదారు అందుకు కారణం చూపాలనీ నిర్దేశించింది. టెండరు పత్రంలో ఆ వాక్యం ఉండడం వేరు, ఆ కారణాన్ని చదివి ప్రశ్నించగల అధికారి కార్యాలయంలో ఉండడం వేరు.

మ్యూనిక్ నగరం అనుభవం ఈ తేడాను చూపుతుంది. 2003లో నగరపాలక సంస్థ లినక్స్‌కు మారాలని నిర్ణయించబోతుండగా బామర్ స్వయంగా మేయరును కలిసినా ఫలితం లేకపోయింది. పదేళ్లలో సుమారు పదిహేను వేల కంప్యూటర్లు లినక్స్‌కు మారాయి. 2017లో, మేయరు మారాక, నగరం తిరిగి విండోస్‌కు పోవాలని తీర్మానించింది. ఒక పక్షం దీనిని లినక్స్ వైఫల్యమనీ, మరొకటి రాజకీయ ఒత్తిడి అనీ వ్యాఖ్యానించాయి. ఇతర కార్యాలయాల నుంచి వచ్చే ఫైళ్లు యాజమాన్య ఫార్మాట్లలో ఉండడం, ప్రత్యేక అవసరాలకు రాసిన ప్రోగ్రాములు విండోస్‌కే పరిమితం కావడం, నగర ఐటీ విభాగాలు ముక్కలుగా ఉండడం వంటి చిక్కులను చూస్తే రెండు వ్యాఖ్యానాలూ తేలికైనవే. ఒంటరి నగరం చేయలేనిది రాష్ట్రం చేయగలదేమో ఇప్పుడు జర్మనీలోనే తేలనున్నది: ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం సుమారు ముప్పై వేల కంప్యూటర్లను ఓపెన్ సోర్స్ ఆఫీసు ప్యాకేజీ లిబ్రేఆఫీస్‌కు మార్చాలని 2024లో నిర్ణయించింది. మన దగ్గర కేరళ పాఠశాలల్లో లినక్స్ నిలదొక్కుకోవడానికి కారణం ఆ రాష్ట్రం ధరతో ఆగక మనుషుల మీద పెట్టుబడి పెట్టడమే. 2001లో మొదలైన ఐటీ ఎట్ స్కూల్ పథకం లినక్స్‌ను పాఠశాలలకు పంచి ఊరుకోకుండా ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి, పాఠ్యప్రణాళికలోకి తీసుకువచ్చింది.

వివాదం రూపాన్నే మార్చినది క్లౌడ్. ప్రోగ్రామును అమ్మకుండా తమ సర్వర్ల మీద నడిపి సేవను మాత్రమే అద్దెకిచ్చే కంపెనీలు, కోడ్‌ను ఎవరికీ ‘అందించడం’ లేదు గనుక, జీపీఎల్ షరతు వాటికి తగలదు. ఈ కన్నాన్ని పూడ్చడానికి 2007లో ఏజీపీఎల్ వచ్చినా దానిని స్వీకరించినవారు తక్కువ. తాము రాసిన ప్రోగ్రామును పెద్ద క్లౌడ్ కంపెనీలు అద్దెకిచ్చి సంపాదిస్తుంటే చూస్తూ ఊరుకోలేని కంపెనీలు ఒకదాని తరువాత ఒకటి లైసెన్సులను బిగించాయి: 2018లో మాంగోడీబీ, 2021లో ఎలాస్టిక్, 2023లో హాషికార్ప్, 2024లో రెడిస్. ప్రతిగా ఎలాస్టిక్ కోడ్ నుంచి అమెజాన్ ఓపెన్‌సెర్చ్‌ను, రెడిస్ కోడ్ నుంచి లినక్స్ ఫౌండేషన్ ఆధ్వర్యంలో మరో బృందం వాల్కీని విడదీసి నడిపించసాగాయి. చివరకు ఎలాస్టిక్ 2024లో, రెడిస్ 2025లో ఏజీపీఎల్ ద్వారా తిరిగి ఓపెన్ సోర్స్‌లోకి వచ్చాయి. ఈ కంపెనీల ఫిర్యాదు అన్యాయమైనది కాదు, గేట్స్ లేఖలో ఉన్నదే అది. కానీ వందలమంది బయటివారు స్వేచ్ఛా షరతుల మీద ఇచ్చిన శ్రమను తమ ఇష్టానుసారం మూసివేయడం దానికి పరిష్కారం కాదు, విడగొట్టుకొనే హక్కు ఉన్నందువల్లనే ఆ శ్రమ బతికి బయటపడింది.

ఇదే కాలంలో హైదరాబాదులో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల నాయకత్వంలో మైక్రోసాఫ్ట్ వైఖరి తలకిందులైంది. 2014లో ఆయన లినక్స్ పట్ల ప్రేమను వేదిక మీద ప్రకటించాడు. 2016లో కంపెనీ లినక్స్ ఫౌండేషన్‌లో చేరి, 2018లో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు ప్రధాన నిలయమైన గిట్‌హబ్‌ను 750 కోట్ల డాలర్లకు కొన్నది. దీనిని పశ్చాత్తాపంగా చూడడం కంటే, రాబడి లైసెన్సు అమ్మకం నుంచి సర్వర్ అద్దెకు మారినందువల్ల వచ్చిన లెక్కగా చూడడమే సరైనది.

ఆర్థికవేత్తలు జోష్ లర్నర్, జాన్ టిరోల్ 2002లోనే, ప్రోగ్రామర్లు ఉచితంగా రాయడం వెనుక త్యాగం కంటే తమ నైపుణ్యాన్ని భావి యజమానులకు చూపుకొనే ప్రయోజనం ఉన్నదని వివరించారు. ఆ వివరణ కొత్తది రాయడానికి వర్తిస్తుంది, పాతదానిని కాపాడడానికి అంతగా వర్తించదు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ పరిశోధకులు 2024లో వెలువరించిన అంచనా ప్రకారం, విస్తృతంగా వాడే ఓపెన్ సోర్స్‌ను తిరిగి రాయడానికి సుమారు 415 కోట్ల డాలర్లు పడుతుంది. అది లేకపోతే కంపెనీలన్నీ ఎవరికి వారు రాసుకోవడానికయ్యే విలువ 8.8 లక్షల కోట్ల డాలర్లు. ఆ విలువలో 96 శాతం ఐదు శాతం ప్రోగ్రామర్ల చేతుల మీదుగా వచ్చింది. ఇంత విలువ ఇంత కొద్దిమంది మీద ఆధారపడి ఉండగా వారి జీవనానికి స్థిరమైన ఏర్పాటు లేకపోవడం ఈ ఉద్యమపు అతిపెద్ద లోపం. జెరోధా సంస్థ 2024లో ఏటా పది లక్షల డాలర్లతో ప్రారంభించిన ఫ్లాస్ ఫండ్ వంటివి మన దేశం నుంచి వచ్చిన మంచి అడుగులు, అవసరంతో పోలిస్తే చిన్నవి.

కృత్రిమ మేధ రంగంలో ఈ తగవు మళ్లీ మొదటికి వచ్చింది. మెటా సంస్థ 2023లో లామా 2 నమూనాను ఓపెన్ సోర్స్ అని పిలిచినా, నెలకు 70 కోట్లకు మించి వాడుకరులున్న కంపెనీలు ప్రత్యేక అనుమతి పొందాలన్న షరతు పెట్టింది. చైనాకు చెందిన డీప్‌సీక్ 2025 జనవరిలో తన ఆర్1 నమూనాను ఎంఐటీ లైసెన్సుతో ఇచ్చింది గాని, శిక్షణకు వాడిన సమాచారాన్ని ఇవ్వలేదు. ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ 2024లో ప్రకటించిన నిర్వచనం సైతం ఆ సమాచారాన్ని పూర్తిగా ఇవ్వనక్కరలేదు, దాని గురించిన వివరణ చాలునని ఒప్పుకొన్నది. శిక్షణ సమాచారం లేకుండా నమూనాను తిరిగి నిర్మించడం అసాధ్యం గనుక, ఇక్కడ స్టాల్‌మన్ రెండవ స్వేచ్ఛ పేరుకే మిగిలింది.

తెలుగు చదువరికి ఈ చర్చ దూరపు వ్యవహారంగా తోచవచ్చు గాని, తెలుగు లిపి చరిత్రలోనే రెండు పక్షాల మంచిచెడ్డలూ ఉన్నాయి. మూడు దశాబ్దాలుగా మన ముద్రణాలయాల్లో డీటీపీ పని పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్ల వంటి యాజమాన్య ఫాంట్లతో సాగింది. అవి లేకపోతే ఎన్నో చిన్న పత్రికలు, పుస్తకాలు అచ్చుకు వచ్చేవే కావు. అయితే ఆ ఫాంట్లు తెలుగు అక్షర భాగాలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో ఇరికించినందువల్ల, అదే ఫాంటు లేని యంత్రంలో ఆ పాఠం అర్థంలేని గుర్తుల వరుసగా కనిపిస్తుంది, వెతకడానికీ వీలుపడదు. పేజ్‌మేకర్ 2001లో వచ్చిన 7.0తోనే ఆగిపోయింది. రచయిత హక్కులు రచయితవే అయినా, అతని పుస్తకం పాఠం మరొకరి ఫాంటుకు బందీ అయింది. ప్రపంచ లిపులకు ఉమ్మడి సంకేత పట్టిక అయిన యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా అది సామాన్యుల తెరమీదికి రావడంలో వాణిజ్య కంపెనీల పాత్ర కొట్టివేయలేనిది. మైక్రోసాఫ్ట్ విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటును ఇచ్చింది, రెడ్ హ్యాట్ 2004లో లోహిత్ ఫాంట్లను జీపీఎల్‌తో విడుదల చేసింది. హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ ఆపరేటింగ్ సిస్టమ్‌ను తెలుగులోకి తెచ్చే కృషి చేసింది. మండలి, ఎన్‌టీఆర్, సూరన్న, ధూర్జటి, గిడుగు వంటి ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో వచ్చి, గూగుల్ ఫాంట్లలో అందరికీ దొరుకుతున్నాయి.

లిపిని తెరమీద కూర్చే ప్రోగ్రాము విషయంలో అధికారం ఎవరిదన్న ప్రశ్న 2018 ఫిబ్రవరిలో కొట్టొచ్చినట్లు కనబడింది. ‘జ్ఞ’ తరువాత కంటికి కనిపించని ఒక విభాజక చిహ్నం, ఆపై ‘ఆ’ గుణింతం చేరిన ఒక వరుస, ఆపిల్ ఫోన్లలో ఏ సందేశంలో కనిపిస్తే ఆ యాప్‌ను కూల్చివేసింది. ఆపిల్ అక్షరాలను కూర్చే ప్రోగ్రాము యాజమాన్యపుది కావడంతో తెలుగు తెలిసిన ప్రోగ్రామర్లు బయటినుంచి ఊహించి వివరించగలిగారే తప్ప సవరించలేకపోయారు. కంపెనీ కొద్ది రోజుల్లోనే, ఫిబ్రవరి 19న, సవరణ ఇచ్చిన మాట నిజం. ఫోన్లు కూలిపోయి ప్రపంచవార్త కావడం అందుకు తోడ్పడింది. ఒత్తు తప్పుగా కూర్చున్నదనో, విరుపు తప్పిందనో తెలుగువారికి మాత్రమే తెలిసే లోపానికి అంతటి వేగాన్ని ఆశించలేము. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్, లిబ్రేఆఫీస్‌లలో ఇదే పని చేసే హార్ఫ్‌బజ్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరానికి స, విరామం, త, విరామం, ర, ఈ గుణింతం అన్న ఆరు సంకేతాలను ఏ క్రమంలో, ఏ చోట కూర్చుతున్నదో అందులో ఎవరైనా చదవవచ్చు, తప్పును సాక్ష్యంతో చూపవచ్చు, సవరణ పంపవచ్చు.

పాత తెలుగు పుస్తకాల స్కానులను పాఠంగా మార్చే టెసరాక్ట్ ప్రోగ్రాము చరిత్రలో ఈ వివాదపు పాత్రధారులందరూ ఉన్నారు. హెచ్‌పీ ప్రయోగశాలల్లో 1985 నుంచి 1994 వరకు యాజమాన్య రహస్యంగా తయారై, ఆపై మూలన పడి, 2005లో బహిరంగమై, 2006 నుంచి గూగుల్ జీతమిచ్చిన ఇంజినీర్ల చేతుల్లో ఎదిగి, నేడు అది తెలుగునూ చదువుతున్నది. దాని తెలుగు శిక్షణ ఫైలును ఎవరైనా తెచ్చుకొని, వావిళ్ల వంటి పాత అచ్చుల నమూనాలతో తిరిగి శిక్షణ ఇచ్చుకోవచ్చు; అందుకు హెచ్‌పీని గాని గూగుల్‌ను గాని అడగనక్కరలేదు. ఆ నమూనా పుటలను అక్షరం అక్షరం సరిచూసి సిద్ధం చేసే పని మాత్రం నెలల తరబడి సాగే జీతపు పని, రెండు తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు, గ్రంథాలయ శాఖలు తమ బడ్జెట్లో చోటు కల్పించవలసిన పని.